ఎంబీబీఎస్ లేకుండా ఆస్పత్రి పరిశోధనలోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంటర్ బైపీసీ తర్వాత నీట్ రెండుసార్లు రాసింది. సీటు రాలేదు. ఇప్పుడు పెద్ద బోధనాసుపత్రిలో హార్మోన్ల మీద, కణాల మీద పరిశోధన చేస్తానంటోంది. డాక్టరు కానివారిని అక్కడ తీసుకుంటారా? ఎన్నేళ్లు చదవాలి? ఎంత వస్తుంది? పెళ్లి సంగతి కూడా ఆలోచించాలి కదా. అరవై వేలు కడితే నెల రోజుల్లో బయోమెడికల్ పరిశోధనలో సర్టిఫికెట్ ఇస్తామని ఒక సంస్థ వాళ్లు ఫోను చేశారు. కట్టమంటారా?
– ఒక తండ్రి, తణుకు

జవాబు: మీ ఉత్తరంలో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. నీట్‌లో సీటు రాలేదు. ఇప్పుడు పరిశోధన చేస్తానంటోంది. ఆ రెంటికీ మధ్య ఏం జరిగిందో మీరు రాయలేదు. నాకు కావలసింది అదే. సీటు రాని బాధ ఇంకా చల్లారక, ఏదో ఒక రూపంలో ఆస్పత్రి గుమ్మం తొక్కాలన్న పంతంతో అంటోందా? లేక క్లాసులో ఏదో పాఠం దగ్గర నిజంగానే కుతూహలం పుట్టిందా? మొదటిదైతే ఈ దారి ఆమెను రోజూ నొప్పిస్తుంది. బోధనాసుపత్రిలో తన ఈడు వాళ్లే మెడలో స్టెతస్కోపుతో వార్డుల్లో తిరుగుతుంటారు. ఈమె రక్త నమూనాల డబ్బా పట్టుకుని, వాళ్లు తీరిక చేసుకునేదాకా వరండాలో నిలబడాలి. వాళ్లను చూసినప్పుడల్లా ‘నేను అక్కడ ఉండాల్సింది’ అనిపిస్తే రెండేళ్లకే పని మీద విసుగు పుడుతుంది. రెండోదైతే, ఆ వరండాలో నిలబడటం ఆమెకు గుర్తు కూడా ఉండదు. ఏది నిజమో మీరూ నేనూ ఉత్తరాల్లో తేల్చలేం. తేల్చుకునే మార్గం ఒకటి ఉంది, చివర్లో చెబుతాను.

ముందు మీరు సూటిగా అడిగినదానికి. డాక్టరు కానివారిని తీసుకుంటారా? తీసుకుంటారు. అసలు రక్తంలో హార్మోన్లను కచ్చితంగా కొలవడం లోకానికి నేర్పిన ఇద్దరిలో ఒకరు డాక్టరే కాదు. రోజాలిన్ యాలో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. 1947లో న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో చేరి, చీపుర్లూ బక్కెట్లూ పెట్టుకునే ఒక చిన్న గదిని ప్రయోగశాలగా మార్చుకున్నారు. 1950లో సాలమన్ బెర్సన్ అనే డాక్టరు ఆమెతో కలిశారు. రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన ఇన్సులిన్‌ను ఇద్దరూ కొందరు మనుషులకు ఎక్కించి చూశారు. అప్పటికే ఇన్సులిన్ సూదులు వేయించుకుంటున్నవారి రక్తంలో అది మామూలు కంటే ఎక్కువసేపు నిలిచి ఉంది. ఆ శరీరాలు ఇన్సులిన్ మీదికి యాంటీబాడీలను, అంటే దాన్ని పట్టుకుని వదలని రక్షక ప్రొటీన్లను, తయారు చేసుకున్నాయని వాళ్లకు అర్థమైంది. అదే రాసి పంపితే పత్రికలు తిప్పికొట్టాయి. అంత చిన్న ప్రొటీన్‌కు యాంటీబాడీలు పుట్టవన్నది అప్పటి పండితుల నమ్మకం. శీర్షికలోంచి యాంటీబాడీ అన్న మాట తీసేశాకే 1956లో ఆ వ్యాసం అచ్చయింది.

ఆ యాంటీబాడీనే వాళ్లు కొలపాత్రగా వాడుకున్నారు. గ్రాములో వందకోట్లో వంతు పరిమాణంలో ఉండే హార్మోనును రక్తపు చుక్కలో కొలిచే పద్ధతి 1960 నాటికి సిద్ధమైంది. దాని మీద పేటెంటు కూడా తీసుకోలేదు. బెర్సన్ 1972లో కన్నుమూశారు. 1977లో యాలోకు నోబెల్ వచ్చింది, అదీ వైద్యశాస్త్రంలో. ఇవాళ మీ వీధి చివరి ల్యాబ్‌లో థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్ష చేసే యంత్రంలో రేడియోధార్మికత లేకపోవచ్చు. హార్మోనును యాంటీబాడీతో పట్టుకుని కొలవాలన్న ఊహ మాత్రం ఆ చీపుర్ల గదిదే.

(పనిలో పనిగా ఒక మాట. మీ అమ్మాయి ప్రాక్టికల్ రికార్డులో ఫిస్కే–సుబ్బారో పద్ధతి ఉండే ఉంటుంది, తెరిచి చూడండి. ఫాస్ఫరస్‌ను నీలిరంగు గాఢతను బట్టి కొలిచే ఆ పద్ధతి 1925 నాటిది. ఆ సుబ్బారో మీ పక్క ఊరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బాస్టన్ వెళ్లిన కొత్తలో ఆయన హార్వర్డ్‌కు అనుబంధమైన పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. పిల్లలకు ఆ పద్ధతి నేర్పుతాం కానీ ఈ సంగతి చెప్పం.)

అయితే లోపలికి రానివ్వడం వేరు, సమానంగా చూడటం వేరు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినవారు రోగికి మందు రాయలేరు. కొత్త మందును మనుషుల మీద పరీక్షించేటప్పుడు బాధ్యత వహించేది డాక్టరే. వైద్య కళాశాలల్లో బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ లాంటి విభాగాల్లో ఎండీ చేయని అధ్యాపకులకు కొంత వాటానే ఉంటుంది. ఆ వాటా నిబంధనలు కొన్నేళ్లుగా మారుతూ వస్తున్నాయి కూడా. కనుక వైద్య కళాశాలలో పాఠాలు చెప్పడమే ధ్యేయమైతే ఆ ఒక్క ద్వారం మీదే ఆశ పెట్టుకోవద్దంటాను. పరిశోధన ధ్యేయమైతే పరిస్థితి వేరు. అక్కడ రోగిని చూసే మనిషీ కావాలి, కణాన్ని చూసే మనిషీ కావాలి. ఒకరి పని ఇంకొకరికి రాదు.

హార్మోన్లతో మొదలైన పరిశోధన కణాల దాకా ఎందుకు వెళ్లిందో చెబితే ఇది బాగా అర్థమవుతుంది. ఇజ్రాయెల్‌లో జ్వీ లారాన్ అనే పిల్లల డాక్టరు దగ్గరికి ఒకే ఇంటి పిల్లలు వచ్చారు. వయసుకు తగ్గ ఎత్తు లేరు. చూడగానే ఎదుగుదల హార్మోను తక్కువై ఉంటుందని అనుకుంటాం. యాలో, బెర్సన్‌ల తరహా పరీక్ష చేసి చూస్తే వాళ్ల రక్తంలో ఆ హార్మోను తక్కువగా లేదు సరికదా, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంది. 1966లో లారాన్ బృందం ఈ సంగతి ప్రచురించింది. హార్మోను నిండుగా ఉన్నా పిల్లలు ఎందుకు ఎదగలేదు? రక్త పరీక్ష చెప్పగలిగింది అంతవరకే. దానికి జవాబు కణం పొర మీద ఉంది. 1984లో ఇద్దరు రోగుల కాలేయం నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తే, ఆ కణాలు హార్మోనును అందుకోవడం లేదని తేలింది. అందుకునే రిసెప్టర్ చెడిపోయింది. 1989కి ఆ రిసెప్టర్ జన్యువులో లోపాలు ఎక్కడున్నాయో కనిపెట్టారు. కాలేయం ఎదుగుదల హార్మోను అందుకుని ఐజీఎఫ్-1 అనే మరో హార్మోనును తయారు చేస్తుంది కదా, ఆ రెండోదాన్నే నేరుగా సూదిమందుగా ఇవ్వడం చికిత్సగా వచ్చింది. 1966 నుంచి 1989 దాకా లెక్క వేయండి. మంచం పక్కన పుట్టిన అనుమానం కణం దాకా వెళ్లి, మందుగా తిరిగి మంచం దగ్గరికి రావడానికి ఒక తరం పట్టింది. ఆ దారిలో పిల్లలను చూసిన డాక్టరు ఉన్నారు, కాలేయపు పొరలను వేరుచేసిన బయోకెమిస్టులు ఉన్నారు, జన్యువును చదివిన అణుజీవశాస్త్రజ్ఞులు ఉన్నారు. మీ అమ్మాయి ఆ దారిలో ఎక్కడ నిలబడాలనుకుంటోంది? ఏ డిగ్రీ కావాలన్నది ఆ జవాబును బట్టి ఉంటుంది. మన ఇళ్లలో దీన్ని తలకిందులుగా చేస్తాం. ముందు డిగ్రీ, తర్వాత దానితో ఏం చేయాలన్న వెతుకులాట.

ఇక రోజువారీ పని ఎలా ఉంటుందంటే, పత్రికల్లో వచ్చే నీలికాంతి ఫొటోల్లా అస్సలు ఉండదు. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నాలుగేళ్లు ఒక బోధనాసుపత్రి బయోకెమిస్ట్రీ విభాగంలో ప్రాజెక్టు ఉద్యోగం చేశాను. కార్టిసాల్ అనే హార్మోను పొద్దున ఎనిమిది ప్రాంతంలో ఎక్కువగా, రాత్రికి తక్కువగా ఉంటుంది. కాబట్టి నమూనా అదే వేళకు తీయాలి. రోగి పరగడుపున రావాలి, స్టెరాయిడ్ మాత్రలు వాడుతూ ఉండకూడదు, తెలుగులో రాసిన సమ్మతి పత్రం మొత్తం చదివి వినిపించాలి, ఆమె ‘మా ఆయన్ని అడిగి చెబుతా’ అంటే మరునాటి దాకా ఆగాలి. అరవై మంది రోగులు కావాలని ప్రణాళికలో రాసుకుంటే, అర్హత ఉన్న అరవై మంది దొరకడానికి మాకు పద్నాలుగు నెలలు పట్టింది. తీసిన రక్తాన్ని మంచు పెట్టెలో తెచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, సీరం వేరు చేసి, చిన్న గొట్టాల్లో పంచి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. ఒక ఎండాకాలం శనివారం రాత్రి కరెంటు పోయి, జనరేటర్ అందుకోక, సోమవారం పొద్దున్నకి మా నమూనాల్లో మూడో వంతు కరిగిపోయి ఉన్నాయి. ఎవర్ని తిట్టాలో తెలియక నేనూ ల్యాబ్ టెక్నీషియనూ కాంటీనుకు వెళ్లి మాటాడకుండా టీ తాగి వచ్చాం.

కణాల పని ఇంకా పెంకిది. కణాలకు 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్ కావాలి. రెండు మూడు రోజులకోసారి మేత, అంటే అవి పెరిగే పోషక ద్రవం, మార్చాలి. సంక్రాంతి అని వాటికి తెలియదు. వానాకాలంలో బూజు పడితే రెండు నెలల పని ఒక్క రాత్రిలో చెత్తబుట్టలోకి పోతుంది. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి పడితే ఇంకా ఘోరం, మామూలు సూక్ష్మదర్శినిలో అది కంటికి కనపడదు; కణాలు బాగానే ఉన్నట్టుంటాయి, ఫలితాలు మాత్రం అబద్ధాలు చెబుతుంటాయి. మీ అమ్మాయికి చేతి నైపుణ్యం ఎంత ఉందో పిపెట్ పట్టుకున్న వారంలో తెలిసిపోతుంది. ఓపిక సంగతి తెలియడానికి ఇంకొంచెం ఎక్కువ కాలం కావాలి.

ఇదంతా బయటి దేశాల వ్యవహారమనుకోకండి. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో జరిగిన పని ప్రపంచమంతా చదివింది. సున్నమో ఆమ్లమో పడి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) అంచున ఉండే మూలకణాలు, అంటే కొత్త కణాలను పుట్టించే కణాలు, కాలిపోతే, మామూలు కార్నియా మార్పిడి నిలవదు. బాగున్న రెండో కంటి నుంచి చిన్న ముక్క తీసి, దానం చేసిన ఉమ్మనీటి సంచి పొర మీద ఆ కణాలను రెండు వారాల లోపు పెంచి, కాలిన కంటికి అతికించడం అక్కడ 2001లో మొదలుపెట్టారు. 200 మంది రోగుల ఫలితాలను 2011లో ప్రచురించారు, 71 శాతం మందిలో కంటి ఉపరితలం కుదుటపడింది. ఆ ఆస్పత్రి పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన డి. బాలసుబ్రమణియన్ డాక్టరు కారు. రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, కణ, అణు జీవశాస్త్ర కేంద్రమైన సీసీఎంబీకి డైరెక్టరుగా ఉండి, తర్వాత కంటి ఆస్పత్రికి వచ్చారు. తమాషా ఏమిటంటే, 2012 నాటికి అక్కడి బృందమే ఇంకో పద్ధతి ప్రకటించింది. ఆ చిన్న ముక్కను మరీ చిన్న తునకలు చేసి నేరుగా కంటి మీదే పరిచేస్తే, కణాలు అక్కడే పెరుగుతాయి. ఖరీదైన కల్చర్ గది అవసరమే లేదు. తాము పదేళ్లు కష్టపడి నిలబెట్టిన దశను తామే తీసేశారు. పరిశోధకులకు ఇలాంటి గుండె ఉండాలి.

దారి విషయానికి వస్తాను. బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ తప్పదు. ఇక్కడ రెండు రకాలున్నాయి. విశ్వవిద్యాలయాల్లో, ఐఐటీల్లో చేసే రెండేళ్ల ఎమ్మెస్సీ ఒకటి. వైద్య కళాశాలల్లో చేసే మూడేళ్ల మెడికల్ ఎమ్మెస్సీ ఇంకొకటి. ప్రైవేటు వైద్య కళాశాలలో భారీగా ఫీజు కట్టి మూడేళ్లు చదివించడం కన్నా, మంచి ప్రయోగశాలలున్న విశ్వవిద్యాలయంలో రెండేళ్లు చదివించడమే మేలని నా అభిప్రాయం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివాటికి సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్, బయోటెక్నాలజీకి గాట్-బి రాయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో కొన్ని ఎమ్మెస్సీ కోర్సులకు బీఎస్సీ వారికీ అవకాశం ఉంది. బయోటెక్నాలజీ, పునరుత్పత్తి జీవశాస్త్రం అక్కడున్నాయి. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, పోటీ తీవ్రం. అయినా రాయించండి, ఆ ప్రశ్నపత్రానికి చదివిన చదువు మిగతా వాటికీ పనికొస్తుంది.

ఆ పునరుత్పత్తి జీవశాస్త్రం గురించి ఒక్క మాట అదనంగా. హార్మోన్లూ కణాలూ ఒకే గదిలో కలిసే పని సంతాన సాఫల్య కేంద్రంలో పిండాలను ల్యాబ్‌లో పెంచే ఎంబ్రియాలజిస్టుది. 2021లో చట్టం వచ్చాక ఈ కేంద్రాలన్నీ నమోదు కావాలి, అర్హత ఉన్న ఎంబ్రియాలజిస్టు ఉండాలి. పీహెచ్‌డీ దాకా వెళ్లాలని లేకపోతే, ఎమ్మెస్సీ క్లినికల్ ఎంబ్రియాలజీతో ఆగి ఉద్యోగంలో చేరవచ్చు. విశాఖ, విజయవాడ, హైదరాబాదుల్లో ఇలాంటి కేంద్రాలకు కొదవలేదు.

పరిశోధనే అనుకుంటే ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్, డీబీటీ జేఆర్‌ఎఫ్ లాంటి పరీక్షల్లో ఏదో ఒకటి గెలిచి జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థికి నెలనెలా డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకోవాలి. ఇది నా గట్టి మాట: సొంత ఫెలోషిప్ ఉన్న విద్యార్థిని ఏ గైడైనా పిలిచి సీటు ఇస్తారు. ఫెలోషిప్ లేనివారు ప్రాజెక్టు నిధుల మీద బతకాలి, ప్రాజెక్టు ముగిస్తే జీతమూ ముగుస్తుంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత రూ.42,000, దానికి తోడు ఊరిని బట్టి ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీ అయ్యాక రీసెర్చ్ అసోసియేట్‌కు రూ.58,000 నుంచి రూ.67,000 దాకా. సాఫ్ట్‌వేర్‌లో చేరిన మీ బంధువుల పిల్లలతో పోల్చకండి, ఓడిపోతారు. డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది. నాకు ఒకసారి ఏడు నెలల మొత్తం ఒకేసారి పడింది; అప్పటిదాకా మా అన్నయ్య దగ్గర అప్పు.

పీహెచ్‌డీకి ఎక్కడికి వెళ్లాలి? రోగికీ కణానికీ మధ్య దూరం తక్కువున్న చోటికి. వెల్లూరు సీఎంసీ ప్రాంగణంలోని మూలకణ పరిశోధన కేంద్రం అలాంటిది. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫిలియా జబ్బుకు జన్యు చికిత్స చేసి ఐదుగురు రోగుల ఫలితాలను 2024 చివర్లో ప్రచురించింది వాళ్లే. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, బెంగళూరు సెయింట్ జాన్స్, త్రివేండ్రం శ్రీచిత్ర ఉన్నాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ వేలిముద్రల కేంద్రం), ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) ఆస్పత్రులు కావు గానీ డాక్టర్లతో కలిసి పనిచేస్తాయి. పేరు కన్నా గైడును చూసి ఎంచుకోమనండి. ఆ గైడు దగ్గర చేసిన పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారో, ఎన్నేళ్లకు బయటపడ్డారో ఫోను చేసి అడగాలి. మనవాళ్లు సంబంధం చూసేటప్పుడు పెట్టే వాకబులో పావు వంతు పెట్టినా చాలు.

సంబంధం మాట వచ్చింది కనుక. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు కలిపితే ఆమెకు ఇరవై ఎనిమిది దాటుతాయి. మధ్యలో పెళ్లి చేయవచ్చు, చాలామంది చేసుకుంటారు. చేసేముందు అవతలి ఇంటివారికి ఇంక్యుబేటర్ సంగతి చెప్పండి, ఆదివారాలు కూడా ల్యాబ్‌కు వెళ్లే కోడలని. దాచి చేస్తే పరిశోధన ఆగుతుంది, లేదా కాపురంలో గొడవ మొదలవుతుంది. రెండూ చూశాను.

ఇప్పుడు మొదట్లో బాకీ పెట్టిన మాట. ఆమెది సీటు రాని బాధా, నిజమైన కుతూహలమా అన్నది ఒక వేసవి ప్రయోగశాలలో గడిపితే తెలుస్తుంది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి. బీఎస్సీ విద్యార్థులకూ ఉంటాయి. సుమారు ఎనిమిది వారాలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, భత్యం వాళ్లే ఇస్తారు. దరఖాస్తుల ప్రకటన శీతాకాలం మొదట్లో వస్తుంది, కాబట్టి అక్టోబరు నుంచే అకాడమీ వెబ్‌సైటు చూస్తూ ఉండమనండి. అందులో ‘ఎందుకు రావాలనుకుంటున్నావు’ అని ఒక పేజీ రాయాలి. ఇంటర్నెట్లో దొరికిన పేజీ దించకుండా, లారాన్ పిల్లల లాంటి ఒక ప్రశ్నను తన మాటల్లో రాయాలి. అది రాకపోయినా నిరాశపడక, విశ్వవిద్యాలయాల్లో పనిచేసే పదిహేనుమంది అధ్యాపకులకు విడివిడిగా ఈమెయిల్ రాయాలి. ‘గౌరవనీయులైన సర్/మేడమ్’ అని అందరికీ ఒకే ఉత్తరం పంపితే ఎవరూ తెరవరు. వాళ్ల వ్యాసం ఒకటి చదివి, అందులో తనకు అర్థం కాని ఒక్క సంగతి అడగాలి. పదిహేనులో ఇద్దరు జవాబిస్తే అదృష్టం. ఈలోగా గణాంకశాస్త్రం మొదలుపెట్టమనండి. జీవశాస్త్రం పిల్లలు లెక్కలు తప్పించుకోవడానికే బైపీసీ తీసుకుంటారు, పరిశోధనలో అడుగుపెట్టగానే అవి ఎదురొస్తాయి.

అరవై వేల సర్టిఫికెట్‌కు రూపాయి కూడా కట్టకండి. నేను చూసినంతలో ఏ గైడూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నెల రోజుల్లో కణాలను పెంచడం రాదు, పెంచినట్టు ఫొటో దిగడం మాత్రం వస్తుంది. అందులో సగం ఆమె పేరున బ్యాంకులో వేసి ఉంచండి. వేసవిలో ఊరు కాని ఊరిలో ఎనిమిది వారాలు ఉండాలంటే హాస్టలుకు ముందే కట్టాల్సి రావచ్చు, భత్యం చేతికందడానికి కొంత సమయం పట్టవచ్చు. వెళ్లి వచ్చాక ఆమెనే నాకు రాయమనండి. పని ఎలా జరిగిందని కాక, ఏ ప్రయోగం ఎందుకు పాడైందో రాయమనండి.